మీ కుక్క కరుస్తోందా? ట్రైనర్‌ని పిలిచే ముందు ఒక నోట్‌బుక్ కొనండి

పోయినేడు కనుమ నాడు మా చిట్టి మా పెద్దమావయ్య చెయ్యి కరిచింది. చిట్టి అంటే పెద్ద జాతి కుక్కేం కాదండీ, వైజాగ్ ఎం.వి.పి. కాలనీలో మా అపార్ట్‌మెంట్ వెనక సందులో వానలో తడుస్తూ దొరికిన మామూలు ఊరకుక్క పిల్ల. నాలుగేళ్ళుగా ఇంట్లో మనిషిలాగే ఉంది, అలాంటిది మావయ్య సోఫాలో కూర్చుని ముద్దుగా తల నిమురుతుంటే గిరుక్కున తిరిగి చెయ్యి పట్టేసింది, రెండు చోట్ల పళ్ళు దిగాయి. ఇంక ఇంట్లో గోలే గోల. అత్తయ్యేమో "మరీ నెత్తికెక్కించుకున్నారు, పొగరు పట్టింది దానికి" అంది, కింద ఫ్లాటాయన "ఊరకుక్క ఊరకుక్కేనండీ, అదే ల్యాబ్రడార్ అయితే ఇలా చెయ్యదు" అన్నాడు. తర్వాత పిలిపించిన ట్రైనర్ ఒకతను వచ్చి ఐదు నిమిషాలు చూసి "ఇది మిమ్మల్ని లీడర్ అనుకోవట్లేదు, రోజూ వెల్లకిలా పడేసి మెడ మీద చెయ్యేసి నొక్కిపెట్టండి" అని చెప్పి రెండు వేలు పట్టుకెళ్ళాడు. మేం మూడు రోజులు అలాగే చేశాం కూడా, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నాలుగో రోజు నన్నే కరవబోయింది.

అసలు కారణం నెల తర్వాత దొరికింది. అది ఎలా దొరికిందో ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాను, ట్రైనర్ని అంతకన్నా కాను, ఇది చదివి మీరే మందులు వేసెయ్యమని కాదు, డాక్టర్ దగ్గరకి వెళ్ళేసరికి చేతిలో పనికొచ్చే సమాచారం ఉండాలని. "కోపిష్టి కుక్క" అన్నది జబ్బు పేరు కాదండీ, జ్వరం లాంటిది, పైకి కనిపించేది అదే కానీ లోపల మలేరియానా టైఫాయిడా పన్ను పోటా అన్నది విడిగా తేల్చుకోవాలి.

ఇప్పటికే కరిచేసి ఉంటే

మిగతాదంతా తర్వాత చదవండి. గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగండి, పావుగంట అంటే గడియారం చూసి పావుగంట, మన లెక్కలో రెండు నిమిషాలు కాదు. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. తర్వాత నేరుగా ఆసుపత్రి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గానీ మీ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ రేబిస్ టీకా ఫ్రీగా వేస్తారు. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్ల కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు, చర్మంలోకి వేసే పద్ధతి అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండకి వేసే పద్ధతి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వచ్చేలా పళ్ళు దిగితే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా వెయ్యాలి, డాక్టర్ హడావుడిలో ఉంటే మీరే గుర్తు చెయ్యండి. "మన కుక్కే కదా, టీకాలు వేయించాం కదా" అని ఇంట్లోనే నిర్ణయం తీసుకోవద్దు, ఆ కార్డు పట్టుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి, వెయ్యాలా వద్దా అన్నది ఆయన చెప్తాడు. మావయ్య "ఏం కాదులేరా" అని అరగంట బతిమాలించుకుని వచ్చారు, వచ్చాక మళ్ళీ క్యూలో అందరికీ కథ చెప్పింది ఆయనే.

ముందుగా: పిచ్చి కాదని తేల్చుకోవడం

కుక్క స్వభావం ఉన్నట్టుండి మారిపోతే, ముఖ్యంగా టీకాలు లేని కుక్క అయితే, మొదటి అనుమానం రేబిసే. పిచ్చికుక్క అంటే నురగ కక్కుతూ వీధుల్లో పరిగెత్తేదే అని మన బుర్రలో ఉండిపోయింది గానీ ఇంకో రకం ఉంది, అది చప్పుడు చెయ్యదు. ఓ మూల పడుంటుంది, దవడ వేలాడిపోతుంది, చొంగ కారుతుంది, మొరిగే గొంతు బొంగురుగా మారిపోతుంది, మింగలేదు. చూసినవాళ్ళు "గొంతులో బొమిక ఇరుక్కుందేమో" అని నోట్లో చెయ్యి పెడతారు. పెట్టొద్దు. దూరం నుంచే తలుపేసి పశువుల డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఇంకోటి, "నీళ్ళు తాగుతోంది కాబట్టి పిచ్చి కాదు" అనే మాట నమ్మొద్దు, నీళ్ళంటే భయం అన్నది మనుషుల్లో కనిపించే లక్షణం, కుక్కల్లో ఉండాలని లేదు.

కరిచిన కుక్కని 10 రోజులు కట్టేసో, గదిలో పెట్టో గమనించమనేది ఎందుకంటే, ఉమ్మిలో వైరస్ ఉండి కరిచిన కుక్క ఈ 10 రోజుల్లోపు జబ్బు పడి చచ్చిపోతుంది. పదకొండో రోజు కూడా మామూలుగా తిని తిరుగుతుంటే ఆ కరిచిన రోజున అది రేబిస్ అంటించలేదని అర్థం. అలాగని ఈ పది రోజులు టీకా వాయిదా వేసుకుని కూర్చోకూడదు, టీకా మొదలుపెట్టేసే కుక్కని గమనించాలి. చంపెయ్యడం, ఆటోలో ఎక్కించి ఆనందపురం దాటించి వదిలెయ్యడం అస్సలొద్దు. తప్పు అన్న సంగతి అటుంచండి, కుక్క కళ్ళముందు లేకపోతే ఏమైందో తెలిసే దారే లేదు.

నోట్‌బుక్

ఈ మొత్తంలో డబ్బు ఖర్చు లేనిదీ ఎవరూ చెయ్యనిదీ ఇదే. ఇరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్ చాలు. గుర్రుమన్న ప్రతిసారీ, పళ్ళు చూపించిన ప్రతిసారీ, మీదకొచ్చిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయాలి: దానికి ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది, తర్వాత ఏమైంది. తారీఖు, టైము, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు, అన్నం తిని ఎంతసేపైంది, ఆ రోజు వాకింగ్‌కి వెళ్ళిందా, రాత్రి సరిగా పడుకుందా ఇవన్నీ కూడా.

రాసేటప్పుడు ఒకటే నియమం, కెమెరాలో కనిపించేది మాత్రమే రాయండి. "కోపం వచ్చింది", "పగ పట్టింది", "జెలసీ" ఇవన్నీ మన ఊహలు. "పనమ్మాయి చీపురు పట్టుకుని హాల్లోకొచ్చింది, చిట్టి టీపాయ్ కిందకెళ్ళింది, చీపురు టీపాయ్ కిందకి రాగానే గుర్రుమంది, పనమ్మాయి చీపురు వదిలేసి వెళ్ళిపోయింది." ఇది రాత అంటే. ఆఖరి ముక్క చూశారా, గుర్రుమంటే చీపురు వెళ్ళిపోయింది. కుక్కకి ఏం అర్థమైంది? గుర్రుమంటే పని జరుగుతుంది అని. రేపు ఇంకాస్త గట్టిగా గుర్రుమంటుంది. ఇలాంటివి మనం ఇంట్లో ఉండి రోజూ చూస్తూ కూడా కాగితం మీద పెట్టేదాకా కనిపించవు.

మా నోట్‌బుక్‌లో మూడు వారాలకి పదకొండు గొడవలు పోగయ్యాయి. మా చెల్లి కూర్చుని రంగు పెన్నుతో గీతలు గీసింది. పదకొండులో తొమ్మిది సార్లు తల దగ్గరో మెడ దగ్గరో చెయ్యి పడింది, అదీ ఎడమ వైపు. ఎక్కువ భాగం సోమ, మంగళవారాలు. సోమవారం ఏముందబ్బా అని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాం, దానికేమైనా ఆఫీసా. తర్వాత మా అమ్మకి వెలిగింది, ఆదివారం మనం దానికి స్నానం చేయిస్తాం కదే అని. చెవిలోకి నీళ్ళు. కనుమకి రెండు రోజుల ముందు భోగి నాడు ఇంట్లో అందరితో పాటు దానికీ తలంటు పోశాం, ఫొటోలు కూడా తీశాం, వాట్సాప్ స్టేటస్ పెట్టాం.

కుక్క మాట్లాడేది చూడడం

"ఏ సిగ్నలూ లేకుండా కరిచేసిందండీ" అనే మాట నూటికి తొంభై మంది అంటారు, నేనూ అన్నా. తర్వాత మా కజిన్ తీసిన వీడియోలో చూస్తే మావయ్య చెయ్యి తల మీద పెట్టాక చిట్టి మూడు సార్లు మూతి నాక్కుంది, ఒకసారి ఆవలించింది, మొహం అటు తిప్పేసుకుంది, ఆ తర్వాత ఒక్క క్షణం బొమ్మలా బిగుసుకుపోయింది. అంటే అది ఆరు సార్లు "వద్దు మావయ్యా" అంది, మనకే వినపడలేదు.

కెండల్ షెపర్డ్ అనే బ్రిటిష్ వెటర్నరీ డాక్టర్ దీన్ని ఒక నిచ్చెనలాగా గీసింది. కింది మెట్ల మీద ఆవలింత, కళ్ళు టపటపా ఆర్పడం, మూతి నాక్కోవడం, తల తిప్పుకోవడం. ఆ పైన ఒళ్ళు తిప్పుకోవడం, కాలెత్తి పెట్టడం, లేచి వెళ్ళిపోవడం. తర్వాత చెవులు వెనక్కేసి నేలకి అంటుకున్నట్టు పాకడం, తోక కాళ్ళ మధ్యకి. ఇంకా పైకెళ్తే బిగుసుకుపోయి కళ్ళార్పకుండా చూడడం, గుర్రుమనడం, గాల్లో కొరకడం, ఆఖరు మెట్టు కరవడం. కింది మెట్లు పని చెయ్యనప్పుడే పైకెక్కుతుంది. ఒక్కో కుక్క రెండు మూడు మెట్లు ఒకేసారి దూకేస్తుంది, ఎందుకంటే కింది మెట్లు వేస్ట్ అని దానికి అనుభవంలో తెలిసిపోయింది.

ఒక్క ఆవలింత చూసి కంగారు పడక్కర్లేదు, నిద్రొచ్చినా ఆవలిస్తుంది. నిద్రొచ్చే టైం కాదు, ఎవరో మీద పడి ముద్దు చేస్తున్నారు, అప్పుడు ఆవలించిందంటే అది వేరే. మొహం ఒక వైపు తిప్పి కళ్ళు మాత్రం మీ వైపు ఉంచి, కంటి తెల్లగుడ్డు చంద్రవంకలా కనిపిస్తుంటే చెయ్యి తీసెయ్యండి. తోక ఊపితే స్నేహం అన్నది పెద్ద అబద్ధం. ఒళ్ళంతా వదులుగా, నడుముతో సహా ఊగిపోతుంటే సంతోషం, తోక నిటారుగా పైకి పెట్టి కొసమాత్రం టకటకా ఊపుతూ ఒళ్ళు కర్రలా ఉంటే దగ్గరికెళ్ళకండి. మా వాచ్‌మెన్ "తోకాడిస్తంది కదా బాబూ, అది ఏటీ సెయ్యదు" అని పక్క బ్లాక్ రాట్‌వీలర్ దగ్గరికెళ్ళి ప్యాంటు చింపించుకున్నాడు.

వీలైతే వీడియోలు తియ్యండి, కానీ వీడియో కోసం కావాలని కుక్కని రెచ్చగొట్టొద్దు. హాల్లో పాత ఫోన్ ఒకటి నిలబెట్టి వదిలేస్తే చాలు.

గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు, తిట్టొద్దు. గుర్రు అంటే కరవకుండా చెప్పడానికి దాని దగ్గరున్న ఆఖరి మాట. ఆ మాట మాన్పిస్తే కుక్క బాగుపడదు, మాట్లాడకుండా కరిచే కుక్క తయారవుతుంది. అగ్గి ఆర్పకుండా ఫైర్ అలారం గంట తీసేసినట్టు.

ఒంట్లో ఏముందో చూపించడం

ట్రైనింగ్ కన్నా ముందు ఇదే. పెద్ద వయసులో కొత్తగా మొదలైన కోపం, ఒకే చోట ముట్టుకుంటే వచ్చే కోపం, నిద్ర లేపితే వచ్చే కోపం, మెట్లెక్కమంటే సోఫా దిగమంటే వచ్చే కోపం, వీటన్నిటి వెనకా నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. కుక్క మనలాగా "అబ్బా" అనదు, కుంటకపోవచ్చు, తిండి మానకపోవచ్చు. చిట్టి అయితే ఆ నెలంతా పెరుగన్నం గిన్నె అడుగంటా నాకింది, అందుకే మాకు అనుమానమే రాలేదు.

మన వైజాగ్‌లో ముఖ్యంగా చూడాల్సింది చెవులు. సముద్రం గాలి, తేమ, ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోత, దానికి తోడు ఆదివారం ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో నీళ్ళలో దింపడం, వేలాడే చెవుల ల్యాబ్‌లకీ కాకర్ స్పానియల్‌లకీ ఇంకా ఎక్కువ. చెవి మడత ఎత్తి వాసన చూడండి, పులిసిన పిండి వాసనో కుళ్ళు వాసనో వస్తే, లోపల గోధుమరంగు మడ్డి ఉంటే, తల పదేపదే విదిలిస్తుంటే అదే. ఇంట్లో కొబ్బరినూనె పొయ్యొద్దు, లోపల కర్ణభేరి చిరిగి ఉందో లేదో డాక్టర్ చూడాలి.

తర్వాత పళ్ళు. బొమికలు కొరికి పన్ను విరిగి ఉండొచ్చు, చిగుళ్ళు వాచి ఉండొచ్చు. తర్వాత కీళ్ళు, పెద్ద జాతుల్లో తుంటి కీలు సమస్య చిన్నప్పటి నుంచే ఉంటుంది, పైగా మన ఇళ్ళలో నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారి జారి అది ఇంకా పెరుగుతుంది. పిడుదులు, అదే టిక్స్, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ఒళ్ళునొప్పులు, నీరసం, చిరాకు. చూపు తగ్గిన ముసలి కుక్క ఎవరొచ్చారో తెలీక కరుస్తుంది, చెవుడు వచ్చినదైతే వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది. రాత్రిళ్ళు ఊరికే తిరగడం, గోడవైపు చూస్తూ నిలబడిపోవడం ఉంటే వయసుతో వచ్చే మతిమరుపు కావొచ్చు. కొంతమంది డాక్టర్లు థైరాయిడ్ టెస్ట్ కూడా రాస్తారు, ఎందుకూ అని వాదించకుండా చేయించండి.

నొప్పి అనుకుని మన పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ఇచ్చెయ్యకండి. మనకి మాత్ర, దానికి విషం.

ఎలాంటి కోపమో గుర్తుపట్టడం

ఒంట్లో బాగానే ఉందని తేలాక నోట్‌బుక్ మళ్ళీ తియ్యండి. ఎక్కువగా కనిపించేది భయం. భయపడిన కుక్క పారిపోవాలి కదా అంటారు, పారిపోయే దారుంటే పారిపోతుంది. గొలుసుతో గేటుకి కట్టేసిన కుక్కకి దారేది, లిఫ్ట్‌లో మూలకి నెట్టేసిన కుక్కకి దారేది. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే పిల్లలు ఐదుగురు "డాగీ" అని మీద పడితే అది కరవడం కాదు ఆశ్చర్యం, రోజూ కరవకపోవడం ఆశ్చర్యం. భయం కోపాన్ని గుర్తుపట్టే పద్ధతి, ఎదుటివాళ్ళు వెనక్కి తగ్గితే ఇదీ తగ్గుతుంది, వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్తున్నప్పుడు పిక్క పట్టుకుంటుంది. దీని మూలం చాలాసార్లు పిల్ల వయసులో ఉంటుంది. మూడో వారం నుంచి దాదాపు పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల ఏం చూస్తే అది దానికి మామూలు అయిపోతుంది. ఆ వయసులో బోనులోనో డాబా మీదో పెరిగి మనుషుల్ని చూడని పిల్లకి తర్వాత హెల్మెట్ పెట్టుకున్న స్విగ్గీ అబ్బాయి కూడా దెయ్యమే. నెల పిల్లని తల్లి నుంచి వేరుచేసి అమ్మేస్తారు చూడండి, దానికి ఎంత గట్టిగా కొరికితే నొప్పో తోబుట్టువుల దగ్గర నేర్చుకునే టైమే ఉండదు, కనీసం ఎనిమిది వారాలు ఆగాలి.

ఇంకోటి సొత్తు కాపలా. గిన్నె, బొమిక, సోఫా, దొంగిలించిన సాక్సు, ఒక్కోసారి మనిషి కూడా సొత్తే. దగ్గరికెళ్తే గబగబా తింటుంది, తల కిందకి పెట్టి బిగుసుకుంటుంది. దీనికి మనవాళ్ళు చేసే పని "అలవాటు అవ్వాలి" అని తింటున్నప్పుడు గిన్నె లాక్కోవడం. ఆలోచించండి, మీరు ఆకు ముందు కూర్చుని తింటుంటే ఎవరో రోజూ విస్తరి లాగేస్తే మీకు శాంతం వస్తుందా? లాక్కోవడం కాదు, దూరం నుంచి ఒక మంచి ముక్క విసిరి వెళ్ళిపోవడం, మనిషి వస్తే పోయేది లేదు వచ్చేదే అని దానికి తెలియాలి.

ఆడకుక్క ఎదకొచ్చి రెండు నెలలైంది, పిల్లలు లేవు, కానీ బొమ్మల్ని మంచం కిందకి చేర్చుకుని ఎవరినీ రానివ్వట్లేదంటే అది ఉత్తుత్తి చూలు, కొన్ని వారాల్లో పోతుంది, డాక్టర్‌కి చెప్పండి. నిజంగా పిల్లలున్న తల్లి అయితే దాని సంగతి మీకు చెప్పక్కర్లేదు. గేటు వెనక, గొలుసు చివర మాత్రమే వీరంగం వేసి, విప్పితే మామూలుగా ఉండే కుక్కది ఆగలేక వచ్చే చిరాకు. రెండు కుక్కలు కొట్టుకుంటుంటే మధ్యలో చెయ్యి పెట్టినవాళ్ళని కరవడం మీ మీద కోపం కాదు, ఒకరి మీదది ఇంకొకరి మీద పడడం. మగ కుక్కలు మగ కుక్కలతోనే గొడవ పడుతుంటే, ఆడకుక్క వాసనకి గోడ దూకుతుంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వల్ల కొంత తగ్గొచ్చు. కానీ భయంతో కరిచే కుక్కకి ఆపరేషన్ చేయిస్తే భయం పోదు, అది ఆశించి చేయించొద్దు. పిల్లుల్ని, పాకే పసిపిల్లల్ని చూసి చప్పుడు లేకుండా నక్కి నక్కి వెళ్ళడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదం, దానికి గుర్రు ఉండదు, హెచ్చరిక ఉండదు, అది వేట. ఇలాంటిది ఒక్కసారి చూసినా పసిపిల్లతో ఒకే గదిలో క్షణం కూడా వదలకండి.

మరి జాతి సంగతి? పెద్ద దవడ ఉన్న కుక్క కరిస్తే దెబ్బ పెద్దది, అంతవరకు నిజం. ల్యాబ్ కరవదు, పమేరియన్ ఆడుకునేది అనుకుంటూ ఎంతమంది చేతులకి కుట్లు వేయించుకున్నారో పశువుల ఆసుపత్రి కాంపౌండర్‌ని అడగండి.

ఒకదాని మీద ఒకటి

నిన్న ఊరుకున్న పనికి ఇవాళ ఎందుకు కరిచింది అనే ప్రశ్నకి జవాబు చాలాసార్లు ఇక్కడుంటుంది. ఒక భయం తాలూకు గుండెదడ పూర్తిగా దిగకముందే ఇంకోటి, దాని మీద మూడోది పడితే చివర్లో ఏ చిన్నది వచ్చినా కుండ పొంగుతుంది. మా ఇంట్లో ఆ మూడు రోజులు ఏం జరిగిందో వరసగా రాస్తే నాకే ఆయాసం వచ్చింది. భోగి తెల్లవారుజామున మంటలు, డప్పులు, తర్వాత తలంటు, పెద్ద పండక్కి ఇల్లంతా పద్నాలుగు మంది చుట్టాలు, దాని చోటు సోఫా మూల మావయ్యకి ఇచ్చేశాం, గంగిరెద్దులవాళ్ళ సన్నాయి గేటు దగ్గర, రెండు రాత్రులు నిద్ర లేదు, కనుమ రోజు వంటింట్లో మాంసం వాసన కానీ దాన్ని లోపలికి రానివ్వలేదు. వీటన్నిటి కింద ఎడమ చెవి సలుపుతోంది. ఆ చెవి మీద మావయ్య చెయ్యి.

వైజాగ్‌లో ఉండేవాళ్ళు క్యాలెండర్‌లో కొన్ని రోజులు గుర్తు పెట్టుకోవాలి. దీపావళి అందరికీ తెలిసిందే, నేవీ విన్యాసాల సంగతి మాత్రం మర్చిపోతారు. విన్యాసాల ముందు రిహార్సల్స్ ఉంటాయి, బీచ్ రోడ్ చుట్టుపక్కల ఇళ్ళ మీదుగా ఫైటర్ జెట్లు వెళ్తుంటే మన గుండెలే జారతాయి, దానికి వినికిడి మనకన్నా ఎక్కువ. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్ల దారిలో హనుమంతవాక, అప్పుఘర్, ఎం.వి.పి., సీతమ్మధార, కంచరపాలెం, ఎన్‌ఏడీ మీదుగా రాత్రంతా లక్షల మంది నడుస్తారు, ఆ దారిలో ఇల్లున్నవాళ్ళ గేటు కుక్క రాత్రంతా మొరిగి తెల్లారేసరికి ఎలా ఉంటుందో ఊహించండి. తుఫాను గాలులు కూడా అంతే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన మా పక్కింటి ముసలి జర్మన్ షెపర్డ్ చచ్చిపోయేదాకా కిటికీ తలుపు కొట్టుకుంటే వణికేది, ఆ టైంలో ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి పట్టేది. ఇలాంటి రోజుల తర్వాత రెండు మూడు రోజులు కుక్కకి సెలవు ఇవ్వండి, చుట్టాలు వద్దు, స్నానం వద్దు, గోళ్ళు కత్తిరించడం వద్దు.

ఎంత సీరియస్సో కొలవడం

ఇయాన్ డన్‌బార్ అనే వెటర్నరీ డాక్టర్ కాటుని ఆరు మెట్లుగా విడగొట్టాడు. పళ్ళు తగలకుండా మీదకి రావడం ఒకటి, పన్ను తగిలినా చర్మం తెగకపోవడం రెండు, ఒక్క కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, కోరపన్ను పొడవులో సగం కన్నా లోతు లేకపోతే మూడు, సగం కన్నా లోతు దిగితే, పట్టుకుని విదిలిస్తే నాలుగు, మళ్ళీ మళ్ళీ లోతుగా కరిస్తే ఐదు, ప్రాణం పోతే ఆరు. ఒకటి, రెండు అయితే ఇంట్లో జాగ్రత్తగా పని చేసుకోవచ్చు. మూడు అయితే తెలిసిన మనిషి సాయం లేకుండా ముట్టుకోవద్దు, చిట్టిది ఇక్కడే. నాలుగు దాటితే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, మొహమాటం లేకుండా డాక్టర్‌తో అన్ని దారులూ మాట్లాడండి, ప్రేమ ఉంటే చాలు అనుకునే సమయం కాదది.

కారణం దొరికేదాకా

కరిచే పరిస్థితినే రానివ్వకండి. చుట్టాలొస్తే కుక్క గదిలో, గది తలుపుకి బయట గొళ్ళెం, పిల్లల చేతికందకుండా. మూతికి పెట్టే మజిల్ అలవాటు చెయ్యండి, గట్టిగా కట్టే గుడ్డ రకం కాదు, నోరు తెరిచి వగర్చడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్ట రకం, మన ఎండలకి అదే. ఒక్కరోజులో తొడిగెయ్యకుండా లోపల చికెన్ ముక్క పెట్టి తనంతట తనే మూతి పెట్టేలా వారం రోజులు ఆడించండి.

ఇంక ఆ "లీడర్" సిద్ధాంతం గురించి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బంధించి ఉంచిన, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళని చూసి అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశాడు. ఆ "ఆల్ఫా", అంటే గుంపు లీడర్, అనే మాట ప్రచారం అవ్వడంలో చెయ్యున్న అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ తర్వాత అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 1999లో ఆయనే దిద్దుకున్నాడు, అడవిలో గుంపు అంటే అమ్మ, నాన్న, పిల్లలు, అంతే అని. అదీ తోడేళ్ళ సంగతి, మన కుక్కలు తోడేళ్ళు కూడా కావు. అక్కడ ఆయన దిద్దుకున్నా ఇక్కడ మనవాళ్ళు ఇంకా చెవి నొప్పితో ఉన్న కుక్క మెడ మీద చెయ్యేసి నొక్కుతున్నారు. షాక్ కాలర్, ముళ్ళ గొలుసు వెయ్యమనే ట్రైనర్ వస్తే కాఫీ ఇచ్చి పంపెయ్యండి.

వీధి కుక్కల గురించి

అడిగేవాళ్ళుంటారు కాబట్టి కొంచెం. వీధిలో కరిచే కుక్కకీ ఇదే లెక్క, సందులో ఎక్కడైనా పిల్లలు పెట్టిందా చూడండి, చలికాలం ముందూ వెనకా ఇది ఎక్కువ. చెవి కొన కత్తిరించి ఉంటే దానికి ఆపరేషన్, టీకా అయినట్టు గుర్తు, లేకపోతే జీవీఎంసీకి (మన నగరపాలక సంస్థకి) చెప్పండి, 2023 నిబంధనల ప్రకారం పట్టుకెళ్ళి ఆపరేషన్ చేసి టీకా వేసి మామూలుగా ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి, 2025 సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత రేబిస్ ఉన్నవాటినీ మరీ దూకుడుగా ఉన్నవాటినీ మాత్రం అలా వదలకూడదు. బండి వెంట పడితే స్పీడ్ పెంచొద్దు, కాలు విసరొద్దు, మెల్లిగా ఆపితే చాలావరకు ఆట అక్కడే అయిపోతుంది.

డాక్టర్ దగ్గరికి

ముందే ఫోన్ చేసి "మా కుక్క కరుస్తుందండీ" అని సిగ్గుపడకుండా చెప్పండి, ఖాళీగా ఉండే టైం అడగండి, సాయంత్రం ఆరింటికి పది కుక్కల మధ్య కూర్చోబెడితే దాని చెవి ఎవరూ చూడలేరు. మజిల్ ఇంట్లోనే పెట్టి బయల్దేరండి, గుమ్మంలో పెడితే గొడవ. నోట్‌బుక్, వీడియోలు, టీకా కార్డు, వాడుతున్న మందుల పేర్లు. "కోపం ఎక్కువైంది, ఏదైనా ఇంజక్షన్ ఇవ్వండి" అని మొదలుపెట్టకుండా నోట్‌బుక్ ఇచ్చి ఊరుకోండి. అవసరమైతే మత్తిచ్చి చెవులు, పళ్ళు చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు, భయం మరీ ఎక్కువుంటే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు రాయొచ్చు, అది పని చెయ్యడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపెయ్యకండి, మానేటప్పుడు కూడా డాక్టర్ని అడిగే మానండి.

చిట్టి విషయంలో డాక్టర్‌గారు నోట్‌బుక్ రెండు పేజీలు తిప్పి, ఏమీ అనకుండా టార్చ్ తీసి ముందు కుడి చెవి చూశారు, తర్వాత ఎడమది చూసి మా అమ్మ వైపు తిరిగి "స్నానం మీరే చేయిస్తారా అమ్మా?" అన్నారు. మూడు వారాలు చుక్కలమందు, ఆ తర్వాత స్నానానికి ముందు చెవుల్లో దూది. గుర్రుమనడం ఆరో వారానికి తగ్గింది, ఎడమ వైపు చెయ్యి చాపితే మాత్రం ఇప్పటికీ ఒకసారి మూతి నాక్కుంటుంది, మేం చెయ్యి వెనక్కి తీసేసుకుంటాం.